మా వదినకు సెలవు కావాలి

మా అమ్మకు అల్జీమర్స్. హన్మకొండలో అన్నయ్య ఇంట్లో ఉంటుంది. ఆమెను కనిపెట్టుకుని ఉండేది మా వదిన. ఏ ఫంక్షన్‌కు పోయినా చుట్టాలది ఒకటే మాట: "మీ వదిన దేవత బిడ్డా, ఈ కాలంల ఎవలు చేస్తరు ఇట్ల?" ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. దేవత అని ఒకసారి పేరు పెట్టాక ఆ మనిషి నడుం నొప్పి అనడానికి లేదు, నిద్ర చాలట్లేదు అనడానికి లేదు, నాలుగు రోజులు తల్లిగారింటికి పోయొస్తా అనడానికి అసలే లేదు.

నేను ఆ ఇంటి ఆడబిడ్డను, అమ్మ కడుపున పుట్టినదాన్ని. అందుకే ఈ మాట వదిన నోటి నుంచి రాకముందే నేను చెప్పాలనుకుంటున్నా. మతిమరుపు జబ్బు ముదిరిన మనిషిని ఇంట్లో ఒక్క మనిషి చేతుల మీద పెట్టేసి దానికి సంస్కారం అని పేరు పెట్టడం అన్యాయం. అమ్మలాంటివాళ్లను పగటిపూట ఉంచుకునే సెంటర్లు, జబ్బు ఇంకా ముదిరితే రాత్రీపగలూ చూసుకునే మెమరీ కేర్ ఇళ్లు మన వరంగల్‌లోనే ఉండాలి. అక్కడ అమ్మను ఉంచిన కొడుకును, కూతురిని, కోడలిని ఎవరూ వేలెత్తి చూపకూడదు.

అమ్మది పరకాల దగ్గరి పల్లె. సాయంత్రం ఐదు కావస్తుంటే మనిషి మారిపోతుంది. కొంగు నడుముకు చెక్కుకుని గేటు దగ్గర నిలబడి "బర్లచ్చే యాళ్లయింది, నేను ఇంటికి వోవాలె" అంటుంది. బర్లు లేవు, ఆ ఇల్లూ లేదు. మొదట్లో అన్నయ్య నచ్చజెప్పేవాడు: "ఇదే నీ ఇల్లు అమ్మా, బర్లు ఎక్కడియి? బాపు పోయి ఎన్నేండ్లాయె?" బాపు పోయాడన్న సంగతి అమ్మకు ప్రతిసారీ కొత్త కబురే. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. వదిన ఆ మాట ఇంట్లో ఎత్తకుండా చేసింది. "పోదాం అత్తమ్మా, చాయ్ తాగి పోదాం" అంటుంది. చాయ్ అయ్యాక చెప్పులు తొడిగి, చేయి పట్టుకుని గల్లీ చివర కిరాణం దాకా నడిపిస్తుంది. దారిలో "ఏ బర్రె ఎక్కువ పాలిస్తది అత్తమ్మా? తవుడు ఉన్నదా, తేవాల్నా?" అని అడుగుతుంది. అమ్మ హుషారుగా చెబుతూ నడుస్తుంది. గల్లీ చుట్టి మళ్లీ అదే గేటు ముందుకు వచ్చాక "అచ్చినం" అని తనే లోపలికి నడుస్తుంది.

పొద్దుగూకే వేళ ఇలా కంగారు పెరగడం ఈ జబ్బులో బాగా తెలిసిన లక్షణమే. డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. మంచి మెమరీ కేర్ సెంటర్లలో పనిచేసేవాళ్లకు ముందుగా నేర్పేది కూడా వదిన చేస్తున్నదే: వాదించొద్దు, తప్పు దిద్దొద్దు, ఆ మనిషి ఏ కాలంలో ఉంటే ఆ కాలంలోకి పోయి మాట్లాడాలి, ఆ తర్వాత మెల్లగా ధ్యాస మళ్లించాలి. వదిన ఏ ట్రైనింగూ తీసుకోలేదు. దెబ్బలు తిని నేర్చుకుంది. మాట వరసకు అనడం లేదు. స్నానం చేయించేటప్పుడు నీళ్లు మీద పడగానే అమ్మ భయంతో గోళ్లతో రక్కుతుంది. వదిన ముంజేతుల మీద ఆ గీతలు ఎప్పుడూ ఉంటాయి. ఇంటికి ఎవరైనా వస్తే "ఇది నా బంగారు గుండ్లు తీసుకున్నది, నాకు బువ్వ పెడ్తలేదు" అని చెబుతుంది అమ్మ. కొత్తవాళ్లు వదిన వైపు ఒక చూపు చూస్తారు. ఎక్కువగా దగ్గరుండి చేసే మనిషి మీదే అనుమానం రావడం కూడా ఈ జబ్బు గుణమే అని వాళ్లకు ఎవరు చెప్పాలి?

రాత్రుళ్లు ఇంకో కథ. అమ్మ ఏ వేళకు లేస్తుందో తెలియదు. లేచి గ్యాస్ పొయ్యి దగ్గరికి పోతుంది, లేదా గేటు దగ్గరికి. వదిన అమ్మ కాళ్లకు మువ్వలున్న పట్టీలు తొడిగింది. మువ్వ కదిలితే తనకు మెలకువ రావాలని. అమ్మ పక్కమీద ఇటు నుంచి అటు తిరిగినా ఆ చప్పుడవుతుంది. అంటే మొన్నమొన్నటిదాకా వదిన ఏ రాత్రీ పూర్తిగా పడుకోలేదు. ఇప్పుడు తనకు బీపీ వచ్చింది. సొంత కూతురి కాన్పు రోజున కూడా సాయంత్రం అయిదింటికల్లా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసింది, బర్ల వేళయిందని.

జబ్బు ఎట్లా బయటపడిందో కూడా చెప్పాలి, చాలా ఇళ్లలో దాన్ని వయసు మీదకు నెట్టేస్తారు కాబట్టి. సంక్రాంతి వస్తే అమ్మ గల్లీలో సగం ఇళ్లకు సకినాలు చుట్టేది. ఒక ఏడాది తడి పిండి, నువ్వులు, వాము, గుడ్డ అన్నీ ముందు పెట్టుకుని కూర్చుంది, తర్వాత ఏం చేయాలో తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసింది. తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోవడం వయసుతో వచ్చేదే. జీవితమంతా చేసిన పనిలో తర్వాతి అడుగు తెలియకపోవడం మాత్రం డాక్టర్‌కు చూపించాల్సిన సంగతి. చూపిస్తే అది ఈ జబ్బే అని తేలుతుందన్న గ్యారంటీ కూడా లేదు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ సరిగా లేకపోయినా, డిప్రెషన్ ఉన్నా జ్ఞాపకం దెబ్బతింటుంది. వాటికి మందులున్నాయి. బాగానే ఉన్న ముసలి మనిషి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయంలో పడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి, ఎక్కడైనా పడి తలకు దెబ్బ తగిలిందేమో చూడాలి. వరంగల్‌లోని సర్కారు ఆస్పత్రి ఎంజీఎంలో అయినా ప్రైవేటులో అయినా రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించకుండా "ముసలితనం కదా" అని వదిలేయొద్దు. అల్జీమర్స్ అని తేలితే డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మందులు రాస్తారు. అవి కొందరికి కొంతకాలం నిలకడ ఇస్తాయి, జబ్బును నయం చేయవు. ఆ తర్వాత మిగిలేది మనుషులు చేసే చాకిరీ మాత్రమే. ఏళ్ల తరబడి.

ఇది మా ఒక్క ఇంటి గోడు కూడా కాదు. 2023లో వచ్చిన ఎల్ఏఎస్ఐ-డ్యాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు ఉంది. అంటే దేశంలో దాదాపు 88 లక్షల మంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లకు పోయి చూడండి. కొడుకులు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో, కోడళ్లు పిల్లల చదువులకని కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు. అందులో ఒకరికి మతి పోతే రెండోవాళ్లే ఆయా, నర్సు, వాచ్‌మన్. ఆ ఇళ్లలో మువ్వల చప్పుడుకు లేచేవాళ్లకు డెబ్బై దాటి ఉంటాయి.

మరి ఏం దారులున్నాయని మేమూ వెతికాం. మామూలు వృద్ధాశ్రమాలు మన చుట్టుపక్కల ఉన్నాయి. వరంగల్ దగ్గరే ఒకచోటికి పోతే మొదటి ప్రశ్నే "ఆమె పని ఆమె చేసుకుంటదా?" అని. చేసుకోలేకపోతే తీసుకోం అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. వంట మనిషి, ఊడ్చే మనిషి, ఒక వార్డెన్ ఉన్నచోట గేటు దాటిపోయే మనిషిని ఎవరు కాయాలి? అసిస్టెడ్ లివింగ్ అనేది దీనికి ఒక మెట్టు పైన ఉంటుంది. సొంత గది, భోజనం, స్నానానికీ బట్టలకూ మందులకూ తోడు మనిషి, పిలిస్తే వచ్చే నర్సు. కాళ్ల నొప్పులో పక్షవాతమో ఉండి బుద్ధి బాగా ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. మెమరీ కేర్ వేరు. అక్కడ ఇల్లే ఈ జబ్బు కోసం కట్టి ఉండాలి. నడిచినవాళ్లు మూసిన తలుపు ముందు ఆగిపోకుండా తిరిగి మొదటికే వచ్చే వరండా, కనపడకుండా కాపలా ఉన్న గేటు, బాత్రూం తలుపు మీద పెద్ద బొమ్మ, జారని నేల, రాత్రి కూడా మెలకువగా ఉండే మనుషులు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ రక్కినా విసుక్కోని మనుషులు.

హైదరాబాద్‌లో అలాంటిదే అని చెప్పిన ఒకచోటికి అన్నయ్యా నేనూ పోయాం. బోర్డు బాగుంది, రిసెప్షన్ బాగుంది. పైఅంతస్తులో పొద్దున పదకొండు గంటలకు టీవీ ముందు వరసగా కుర్చీలు, వాటిలో తలలు వేలాడేసి నిద్రపోతున్న మనుషులు. ఒకావిడను చున్నీతో కుర్చీకి కట్టారు. "పడిపోకుండా మేడమ్" అన్నారు. మత్తుమందులు ఇస్తారా అని అడిగితే "డాక్టర్ రాసిందే" అన్నారు. ఏ డాక్టర్, ఎప్పుడు చూశాడు, కాగితం చూపిస్తారా అంటే జవాబు లేదు. బయటికొచ్చి కారెక్కాక అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. అక్కడ చేరిస్తే నెలకయ్యే ఖర్చుకు ఒక రిటైర్డ్ టీచర్ పెన్షన్ అంతా పెట్టాలి.

అన్నీ అట్లాగే ఉంటాయని అనను. మనసు పెట్టి నడిపేవాళ్లు కచ్చితంగా ఉన్నారు. కానీ ఎంత మంచిదైనా అది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే అమ్మకు సగమే పనికొస్తుంది. ఈ జబ్బులో కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి. అమ్మకు మిగిలింది పరకాల మాట, పచ్చిపులుసు, జొన్నరొట్టె, బతుకమ్మ. అన్నయ్య పేరు గుర్తు లేని రోజున కూడా ముందు తంగేడు, గునుగు పూలు పోస్తే సిబ్బిలో వరస తప్పకుండా పేరుస్తుంది. చేతులకు తెలుసు. చిక్కుడుకాయలు పోస్తే ఈనెలు తీస్తుంది, చేట ఇస్తే బియ్యం చెరుగుతుంది, ఆ గంటసేపు బర్ల మాటెత్తదు. ఇవన్నీ ఇక్కడివాళ్లకు చెప్పకుండానే తెలుసు. హైదరాబాద్‌లో మేం చూసిన సెంటర్‌లో పనిచేసే అమ్మాయిలు పాపం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఎక్కువమంది హిందీలో మాట్లాడుతున్నారు. అమ్మ ఏమంటుందో వాళ్లకు అర్థం కాదు, వాళ్లు ఏమంటారో అమ్మకు అర్థం కాదు. భయపడిన మనిషి రక్కుతుంది. రక్కిన మనిషికి మత్తు బిళ్ల పడుతుంది.

దూరం ఇంకో సమస్య. హన్మకొండలో ఉంటే అన్నయ్య ఆఫీసు నుంచి వస్తూ రోజూ పది నిమిషాలు చూసిరాగలడు. వేళాపాళా లేకుండా వచ్చిపోయే చుట్టాలున్న మనిషిని ఎవరూ కుర్చీకి కట్టరు. మూడు గంటల దూరంలో ఉంటే నెలకోసారి, ముందు ఫోన్ చేసి పోతాం. వాళ్లు తల దువ్వి, మంచి చీర కట్టి కూర్చోబెడతారు.

ఇక చట్టం సంగతి. 2007లో తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. నెలకు పదివేల దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే 23వ సెక్షన్ కింద ఆ రాత రద్దు చేయించవచ్చు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది దిక్కులేని వృద్ధులకు సరిపోయే ఆశ్రమం పెట్టొచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. ఇవన్నీ అవసరమే. కానీ మా చుట్టాలు ఎవరికీ తెలియని సంగతి ఒకటి అందులో ఉంది. ఆ చట్టంలో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. కోడళ్లను, అల్లుళ్లను కూడా చేర్చాలని 2019లో ఒక సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అంటే అమ్మ బాధ్యత అన్నయ్యది, నాది. ఏ చట్టమూ అడగని పనిని వదిన చేస్తోంది, మేం ఆమెకు బిరుదులిచ్చి తప్పుకుంటున్నాం.

డబ్బు దగ్గరా అంతే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, సంతోషమే. గుండె ఆపరేషన్‌కు పనికొస్తుంది. రాత్రి మూడు గంటలకు మనిషిని బాత్రూంకు తీసుకుపోయే పనికి రూపాయి రాదు, అది చికిత్స కింద లెక్కకు రాదు కాబట్టి. 2,016 రూపాయల వృద్ధాప్య పింఛన్‌తో నెలకు సరిపడా డైపర్లు కూడా రావు. బాగున్నప్పుడే చక్కబెట్టుకోవాల్సినవీ ఉన్నాయి. మనిషికి మతిస్థిమితం పోయాక అంతకుముందు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. అందుకని తొలిదశలోనే, మనిషి సంతకం తెలిసి పెట్టగలిగినప్పుడే బ్యాంకు ఖాతా, నామినీ, వీలునామా చూసుకోవాలి. అప్పుడే ఆ మనిషినే కూర్చోబెట్టి "రేపు నీకు బాగాలేకపోతే ఎక్కడ ఉంటవ్, ఎట్ల చూసుకోవాలె?" అని అడగాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యం ఎట్లా జరగాలో ముందే రాసి పెట్టుకునే హక్కు, తన తరఫున నిర్ణయించే మనిషిని ఎంచుకునే హక్కు కూడా ఉన్నాయి.

మా చిన్నాయనతో ఈ విషయం మీద పెద్ద వాదనే అయింది. "మన ఇంటి పరువేం గావాలె? మా అవ్వను మేం ఆశ్రమంల ఏసినమా?" అన్నాడు. వేయలేదు, నిజమే. నానమ్మ కూడా ముసలితనంలో ఊరి బయటికి నడుచుకుంటూ పోయేదట. కానీ ఆ ఇంట్లో ముగ్గురు కోడళ్లు, ఒక పెద్దమ్మ, వాకిట్లో ఎప్పుడూ పిల్లలు. నానమ్మ చెరువు దాకా పోతే ఎవరో ఒకరు "అవ్వా, ఇటెటు?" అని చేయి పట్టుకుని తెచ్చి దింపేవాళ్లు. ఊరంతా కాపలా ఉండేది. ఇప్పుడు అమ్మ గేటు దాటితే ములుగు రోడ్డు మీద లారీలు. అప్పుడు పది చేతులు పంచుకున్న పనిని ఇప్పుడు రెండు చేతుల మీద పెట్టి, పద్ధతి మాత్రం పాతదే ఉండాలంటే ఎట్లా చిన్నాయనా, అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేకపోయినా కోపం పోలేదు. నాకూ పోలేదు. ప్రేమ ఉన్నవాళ్లే ఈ మాటలంటారు, అందుకే ఇంత కష్టం.

"ఆశ్రమాల్లో కొడతరు" అనేవాళ్ల భయం మాత్రం నిజమైన భయం. దానికి విరుగుడు మంచి సెంటర్లు, వాటి మీద గట్టి తనిఖీ. రిటైర్మెంట్ హోమ్‌ల కోసం 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ మోడల్ మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అవి మార్గదర్శకాలే. అందుకని ఇప్పటికి చూడాల్సింది మనమే. ఎక్కడికి పోయినా చెప్పకుండా పోండి, సాయంత్రం ఐదు తర్వాత పోండి, ఈ జబ్బు అసలు రూపం అప్పుడే కనపడుతుంది. రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉంటారో అడగండి. కడతారా, మత్తు ఇస్తారా, ఇస్తే ఇంటివాళ్లకు చెబుతారా అని మొహమాటం లేకుండా అడగండి. పడితే, జ్వరమొస్తే ఏ ఆస్పత్రికి, ఎవరు తీసుకుపోతారు? అడ్వాన్స్ తిరిగి ఇస్తారా, మనిషి మంచాన పడితే పంపించేస్తారా, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. బాత్రూంలోకి పోయి వాసన చూడండి. పనివాళ్లు అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారో వాళ్లనే అడగండి.

వరంగల్‌కు ముందుగా కావాల్సింది డే కేర్ అని నా అభిప్రాయం. వృద్ధుల డే కేర్ అంటే పేపరు, క్యారమ్ బోర్డు ఉన్న హాలు అనుకుంటారు. అమ్మలాంటివాళ్లకు అది చాలదు. కేరళలో 1992లో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థ ఈ పనిలో చాలా కాలంగా ఉంది. అక్కడ ప్రభుత్వం కూడా వాళ్లతో కలిసి డిమెన్షియా సెంటర్లు పెట్టింది. అది అక్కడ సాధ్యమైతే మెడికల్ కాలేజీ, నర్సింగ్ కాలేజీలు, యూనివర్సిటీ ఉన్న మన ఊళ్లో ఎందుకు సాధ్యం కాదు? పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునేలా ఉంటే రాత్రి అమ్మ ఇంట్లోనే ఉంటుంది, వదిన పగలు పడుకుంటుంది. ఆశ్రమం అన్న మాటకే బెదిరే చిన్నాయనలాంటివాళ్లు కూడా దీనికి ఒప్పుకుంటారు.

అప్పటిదాకా ఇంట్లో మేం పంచుకున్నాం. పగటికి ఒక ఆయమ్మను పెట్టాం, ఆమె జీతంలో సగం నాది. నెలలో ఒక వారం అమ్మ దగ్గర నేనుంటా, ఆ వారం వదిన బిడ్డ దగ్గరికి పోతుంది. రాత్రి కాపలాకు అన్నయ్య రోజు విడిచి రోజు అమ్మ దగ్గర పడుకుంటున్నాడు. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ముందు దగ్గరుండి చేసేవాళ్లను "నిన్న రాత్రి నిద్రపోయినవా?" అని అడగండి. ఎవరూ తోడు లేనివాళ్లు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు, మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు.

ఇలాంటి ఇళ్లవాళ్లం కొందరం కలిసి హన్మకొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి పోతున్నాం. అర్జీలో పెద్ద కోరికలు లేవు. మెట్లు లేని ఒక ప్రభుత్వ భవనం, చుట్టూ ప్రహరీ, నడవడానికి కాస్త జాగా, శిక్షణ ఇచ్చిన స్థానిక ఆడవాళ్లకు సరైన జీతం, వారానికోసారి ఎంజీఎం నుంచి డాక్టర్, తెచ్చి దింపడానికి ఒక వ్యాన్. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఐదింటికి మూసేస్తే మాత్రం ఉపయోగం లేదని వదిన ప్రత్యేకంగా రాయించింది.